ఆరోగ్యవరం – ఒక శానిటోరియం చరిత్ర



ఈసారి ప్రత్యేక సంచికను ఆరోగ్యం మీద తెస్తున్నామని, పాతకాలపు సంగతులేమైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ఆయాసానికి ఏం తినాలి, మోకాళ్ళ నొప్పులకు ఏ తైలం మంచిది అనే విషయాలు రాయగల డాక్టర్లు, అనుభవజ్ఞులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఆరు సంవత్సరాలు ఫైళ్ళు రాసిన గుమాస్తాను. నాకు చేతనైనది చరిత్ర చెప్పడమే. అందుకని ఒకప్పుడు మన రాష్ట్రంలోనే కాక దేశమంతటా పేరు మోసిన ఒక ఆరోగ్య కేంద్రం గురించి మనవి చేస్తాను. అది మదనపల్లి దగ్గరి ఆరోగ్యవరం. మా చింతలపూడి ప్రాంతంలో పెద్దవాళ్ళు ఎవరినైనా "మదనపల్లి పంపించారట" అని గొంతు తగ్గించి అన్నారంటే వినేవారికి వేరే వివరం అక్కరలేదు. ఆ మనిషికి క్షయ అని అర్థం.

శానిటోరియం అంటే ఏమిటి?

ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరపు దేశాల్లో కలవారు ఆరోగ్యం కోసం కొండలకు, సముద్రతీరాలకు, ఊటనీటి స్నానాలకు వెళ్ళి నెలల తరబడి ఉండిపోవడం మర్యాదగా భావించేవారు. ఆ అలవాటులోంచే క్షయ రోగుల కోసం ప్రత్యేకమైన శానిటోరియములు పుట్టాయి. జర్మను వైద్యుడు హెర్మన్ బ్రేమర్ 1850లలో గెర్బర్స్‌డార్ఫ్ అనే కొండ ఊళ్ళో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత స్విట్జర్లాండులోని దావోస్ ప్రపంచ ప్రసిద్ధమైంది. ఉత్తరాన డెన్మార్కు, స్వీడను, నార్వే దేశాల్లోనూ పైన్ అడవుల మధ్య, సముద్రపు పాయల ఒడ్డున ఇటువంటివి లేచాయి. డెన్మార్కులో 1900లో తెరిచిన వైలెఫ్యోర్డ్ శానిటోరియం వాటిలో చాలా పేరుగాంచినది. క్రిస్టియన్ సౌగ్‌మన్ అనే వైద్యుడు దాన్ని నడిపించాడు.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయకు కారణం ఒక సూక్ష్మక్రిమి అని ప్రకటించాడు. శత్రువు ఎవరో తెలిసింది గాని దాన్ని చంపే మందు మాత్రం మరో అరవై ఏళ్ళ దాకా దొరకలేదు. ఆ మధ్యకాలంలో వైద్యుల చేతిలో ఉన్నవి మూడే: విశ్రాంతి, పరిశుభ్రమైన గాలి, బలమైన ఆహారం. శానిటోరియం అంటే ఈ మూడింటినీ గడియారం పెట్టి అమలు జరిపే చోటు.

డెన్మార్కు వాళ్ళకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. మన గుమాస్తా వర్గానికి అది గర్వకారణం కూడా. 1903లో కోపెన్‌హేగన్ తపాలా శాఖలో పనిచేసే ఐనార్ హోల్‌బోల్ అనే ఉద్యోగికి ఒక ఆలోచన వచ్చింది. క్రిస్మస్ ఉత్తరాల గుట్టల ముందు కూర్చుని, ఈ ప్రతి ఉత్తరం మీదా తపాలా బిళ్ళతో పాటు చిన్న వెలగల మరో బిళ్ళ అంటిస్తే ఆ డబ్బుతో క్షయ పట్టిన పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చు కదా అనుకున్నాడు. మొదటి సంవత్సరమే నలభై లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ సొమ్ముతో కోల్డింగ్ అనే ఊళ్ళో పిల్లల శానిటోరియం కట్టారు. అదే పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మన దేశంలో 1950 నుంచి ఏటా గాంధీ జయంతికి మొదలుపెట్టి టీ.బీ. సీళ్ళు అమ్మారు. రెండు అడ్డగీతల ఎర్ర శిలువ గుర్తు ఉన్న ఆ సీళ్ళ పుస్తకాలు మన ఆఫీసులకు వచ్చేవి. సెక్షనుకు ఇన్నని పంచి, డబ్బు వసూలు చేసి, చలానా కట్టిన వారు ఈ సంచిక చదివేవారిలో తప్పక ఉంటారు. ఆ బిళ్ళ ఒక తపాలా గుమాస్తా బుర్రలో పుట్టిందని మనలో ఎంతమందికి తెలుసు?

మదనపల్లి ఎందుకు?

డెన్మార్కు వాళ్ళు దక్షిణ భారతానికి కొత్తవారు కారు. తంజావూరు తీరాన తరంగంబాడిలో 1620 నుంచి 1845 దాకా వారి కోట, వర్తక స్థావరం ఉండేవి. స్థావరం పోయినా తమిళ దేశంలో డేనిష్ మిషన్ పని సాగింది. ఆ మిషన్ వైద్యుడే డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆనాడు మిషన్ ఆసుపత్రులకు క్షయ రోగులు వస్తే మిగతా రోగులతో కలిపి ఉంచుకోలేరు, పొమ్మననూ లేరు. ఏ ఒక్క మిషనుకూ విడిగా శానిటోరియం కట్టే తాహతు లేదు. అందుకని దక్షిణాదిలో పనిచేసే అనేక ప్రొటెస్టెంటు మిషనులు కలిసి ఉమ్మడిగా ఒకటి స్థాపించాయి. దాని పేరు యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం. "యూనియన్" అనే మాటకు అర్థం ఆ ఉమ్మడితనమే.

పని 1912లో మొదలైంది. మదనపల్లి చేరిన చిత్తూరు జిల్లా అప్పటికి ఏర్పడి ఏడాదే అయింది. మదనపల్లి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. వర్షపాతం తక్కువ, గాలిలో తేమ తక్కువ, వేసవిలో కూడా రాత్రిళ్ళు చల్లబడతాయి. ఉడుకుతో చెమటలు కారే మన కోస్తా వాళ్ళకు ఆ గాలి వేరే లోకంలా ఉండేది. పైగా మద్రాసు, మైసూరు, హైదరాబాదు సంస్థానాల నుంచి రాదగిన దూరం. ఊరికి కొన్ని మైళ్ళ ఎడంగా, గుట్టల నడుమ విశాలమైన స్థలంలో వార్డులు, కాటేజీలు, వంటశాలలు, ప్రార్థనాలయం, సిబ్బంది ఇళ్ళు లేచి అదొక ఊరే అయింది. ఆ ఊరికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. వరం అంటే ఊరూ అవుతుంది, దేవుడిచ్చేదీ అవుతుంది. ఇంతకన్న చక్కని పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు.

మన దేశంలో ఇటువంటివి అంతకు ముందు కొన్నే ఉండేవి. అజ్మీరు దగ్గర తిలోనియాలో 1906లో, ఆల్మోరాలో 1908లో మిషన్ల వారే మొదలుపెట్టారు. దక్షిణాదికి మాత్రం ఆరోగ్యవరమే దారి చూపింది. మన తెలుగునాట తర్వాత రాజమండ్రి విశ్రాంతిపురం, మంగళగిరి, వికారాబాదు అనంతగిరి శానిటోరియములు కూడా పేరు పొందాయి. అయినా "పెద్ద చోటు" అంటే మదనపల్లే. జమీందారీ కుటుంబాల వారు, వకీళ్ళు, ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు, రైతులు దూరప్రాంతాల నుంచి అక్కడికి వచ్చి చేరేవారు.

అక్కడి దినచర్య

మా పెదనాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయన 1953లో అక్కడ చేరి పద్నాలుగు నెలలు ఉన్నారు. నాకప్పుడు మూడేళ్ళు. కనుక నేను చెప్పేదంతా తర్వాత ఆయన నోట విన్నదే. చింతలపూడి నుంచి ఏలూరు బస్సులో వెళ్ళి, అక్కడ రైలెక్కి, రేణిగుంట మీదుగా పాకాల చేరి, అక్కడ ధర్మవరం వైపు పోయే మీటరుగేజి రైలు పట్టుకుని మదనపల్లి రోడ్డు స్టేషనులో దిగాలి. అక్కడి నుంచి ఊరికి మళ్ళీ బండి. జ్వరంతో ఉన్న మనిషికి అది ఎంత ప్రయాణమో ఊహించుకోండి.

చేరగానే మొదటి ఆజ్ఞ, కదలవద్దని. మంచం మీద పడుకునే అన్నీ. తెల్లవారి జ్వరం చూస్తారు, మధ్యాహ్నం చూస్తారు, సాయంత్రం చూస్తారు. ఆ అంకెలన్నీ మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టులో గీతగా గీస్తారు. "మన సర్వీసు రిజిస్టరు కన్నా ఆ చార్టే ముఖ్యం రా, ఆ గీత దిగితేనే ప్రమోషను" అనేవారాయన. గీత నిలకడగా ఉంటే కూర్చోనిస్తారు. తర్వాత వరండా దాకా, తర్వాత ఫర్లాంగు నడక, ఆ తర్వాత కొద్దిపాటి తోటపని. ఒక్కొక్క మెట్టుకూ వారాలు పట్టేది. పాలు, గుడ్లు దండిగా పెట్టేవారు. శాకాహారి అయిన ఆయన అక్కడ గుడ్డు తినడం నేర్చుకుని, ఇంటికొచ్చాక ఆ సంగతి నాయనమ్మకు చెప్పకుండా కాలం గడిపారు. ఉమ్మి వేయడానికి ఎవరి మూత డబ్బా వారికి ఉండేది. ఎక్కడబడితే అక్కడ ఉమ్మడం అక్కడ మహాపరాధం. మధ్యాహ్నం రెండు గంటలు మాట కూడా ఆడకూడదు.

దీనికి తోడు "గాలి ఎక్కించడం" అనే చికిత్స ఉండేది. ఊపిరితిత్తికీ పక్కటెముకలకూ మధ్యనున్న పొరల్లోకి సూది దింపి కొలత ప్రకారం గాలి ఎక్కిస్తారు. దాంతో జబ్బు పడిన ఊపిరితిత్తి ముడుచుకుని కదలకుండా విశ్రాంతి పొందుతుంది, పుండు మానుతుంది. ఎక్కించిన గాలి ఇంకిపోతుంది కనుక వారానికో రెండు వారాలకో మళ్ళీ ఎక్కించాలి. ఇలా సంవత్సరాల తరబడి చేయించుకున్నవారు ఉన్నారు. అది చాలని వారికి కొన్ని పక్కటెముకలు తీసేసి ఆ వైపు ఛాతీని లోపలికి దించే పెద్ద ఆపరేషను చేసేవారు. బతికి బయటపడ్డవారి భుజం ఒకవైపు వాలి ఉండేది. ఇవన్నీ మందు లేని రోజుల్లో మనిషి చేసిన పోరాటాలు. అందరూ బాగుపడలేదు. అక్కడి నుంచి ఇంటికి రానివారూ చాలామంది ఉన్నారు.

అక్కడ జరిగిన శాస్త్ర కృషి

ఆరోగ్యవరం ఒక్క ఆశ్రయంగానే ఉండి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది. అది చదువుల ఇల్లు కూడా. 1940లో పెద్ద ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే సహచరుడు కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. క్షయలాగే దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు ఉన్నా కొందరికి అసలు క్షయ కాదనీ, వారి రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా ఉంటాయనీ గుర్తించారు. ఇసినోఫీలియా అని మనం ఇళ్ళల్లో మామూలుగా అనే జబ్బు చరిత్రలో ఇదొక ముఖ్యమైన అడుగు. క్షయ అనే ముద్ర తప్పి, ఎంతమంది ఊపిరి పీల్చుకుని ఉంటారో!

ఆయన తర్వాత బాధ్యత వహించిన డాక్టర్ పి.వి. బెంజమిన్ భారతీయుడు. తర్వాత ఆయన భారత ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారుగా పనిచేశారు. 1955లో పద్మశ్రీ పొందారు. ఒక శానిటోరియం సూపరింటెండెంటు చూపు వార్డుల గోడలు దాటి దేశమంతటి మీదికి వెళ్ళింది.

1948లో మన దేశంలో బి.సి.జి. టీకా ప్రయత్నపూర్వకంగా మొదలైన చోట్లలో మదనపల్లి ఒకటి. యుద్ధానంతరం ప్రపంచంలో ఆ టీకా ఉద్యమాన్ని యునిసెఫ్‌తో కలిసి నడిపింది డెన్మార్కు, స్వీడను, నార్వే దేశాల సహాయ సంస్థలే. మన భుజాల మీద ఆ టీకా మచ్చకు ఇంత దూరపు చుట్టరికం ఉంది. తర్వాత చిన్న డాక్టరు, అంటే జోహానెస్ ఫ్రిమోట్ మోలర్, 1950 నుంచి 1955 దాకా మదనపల్లి పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఇంటింటికీ తిరిగి క్షయ ఎంత ఉందో లెక్క కట్టే పని నడిపించారు. ఆ నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960లో ప్రచురించింది. ఆసుపత్రికి నడిచి వచ్చిన రోగినే కాక గుడిసెలో పడి ఉన్న రోగిని కూడా లెక్కలోకి తీసుకోవాలని వారు చేసి చూపించారు. జనాభా లెక్కల డ్యూటీ చేసిన మనకు ఆ పని ఎంత కష్టమో తెలుసు.

మందు వచ్చింది, కొండ అక్కర తీరింది

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే స్వీడనులో యోర్గెన్ లేమన్ పి.ఎ.ఎస్. అనే మందు తయారు చేయించాడు. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. ఈ మాత్ర చవక, నోటితో మింగవచ్చు. అప్పుడొక ప్రశ్న లేచింది. మందే పనిచేసేటప్పుడు రోగిని అంత దూరం పంపడం ఎందుకు?

జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టి, నగరంలోని పేద రోగులను చీట్లు వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. రెండో భాగాన్ని ఇరుకు ఇళ్ళల్లో, ఉన్న తిండితో ఉండనిచ్చారు. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాదిపాటు. 1959లో ఫలితం వెలువడింది. శానిటోరియం వారు బరువు ఎక్కువ పెరిగారు గాని, జబ్బు తగ్గడంలో ఇంటి దగ్గరున్న వారూ వారికి దాదాపు సమానంగానే ఉన్నారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబ సభ్యులకు అదనంగా అంటుకోలేదని కూడా తర్వాతి పరిశీలనలో తేలింది.

ఈ ఒక్క నివేదికతో ప్రపంచమంతటా శానిటోరియముల అవసరం తీరిపోయింది. 1962లో మన ప్రభుత్వం జాతీయ క్షయ కార్యక్రమం చేపట్టి జిల్లా కేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మందులివ్వడం మొదలుపెట్టింది. శానిటోరియములు ఒక్కొక్కటిగా రూపు మార్చుకున్నాయి. డెన్మార్కులోని వైలెఫ్యోర్డ్ ఇప్పుడు వేడినీటి స్నానాల హోటలు. మంగళగిరి శానిటోరియం స్థలంలో ఎయిమ్స్ ఆసుపత్రి లేచింది. ఆరోగ్యవరం మాత్రం ఆరోగ్యవరం మెడికల్ సెంటరుగా అన్ని జబ్బులకూ వైద్యం చేస్తోంది, నర్సులను తయారు చేస్తోంది. తన అవసరం తీరిపోయే రోజు కోసం పనిచేసిన సంస్థలు ప్రపంచంలో అరుదు. ఇది ఆ కోవలోకి వస్తుంది.

పోనిది ఒక్కటే

జబ్బుకు మందు దొరికింది గాని దాని చుట్టూ ఉన్న భయానికి దొరకలేదు. మా పెదనాన్నగారు మదనపల్లిలో ఉన్న పద్నాలుగు నెలలూ మా ఇంట్లో అందరికీ చెప్పిన మాట, ఆయన ట్రెయినింగుకు వెళ్ళారని. అప్పుడు మా మేనత్తకు సంబంధాలు చూస్తున్నారు. నిజం తెలిస్తే పెళ్ళి తప్పిపోతుందని భయం. ఆయన జబ్బు పూర్తిగా నయమై, తిరిగి బడిలో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా బతికారు. కాని చివరి దాకా ఇంట్లో ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. కొత్త రసాలు దించిన రోజు మేమంతా పెరట్లో ఒకే గంపచుట్టూ కూర్చుని తింటుంటే ఆయనకు మాత్రం నాలుగు కాయలు విడిగా పళ్ళెంలో వెళ్ళేవి. ఆయన నవ్వుతూ, "ఆరోగ్యవరంలో మేం అందరం ఒకే బల్ల మీద తినేవాళ్ళం" అనేవారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

1972లో నేను ఉద్యోగంలో చేరాక ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో సెలవు ఫైళ్ళు చూశాను. గుర్తింపు పొందిన శానిటోరియంలో క్షయకు చికిత్స పొందే తాత్కాలిక ఉద్యోగికి కూడా 18 నెలల దాకా ప్రత్యేకంగా జీతం లేని సెలవు ఇచ్చే అవకాశం నిబంధనల్లో ఉండేది. ఉద్యోగం పోకుండా కాపాడే మంచి నిబంధన. కాని ఆ జబ్బు ఉందని అందరికీ తెలిసిన వారు కూడా అర్జీలో "స్వంత పనులు" అని రాసి, ఉన్న సెలవంతా ఖర్చు పెట్టుకుని, చివరకు జీతనష్టం మీద పోయేవారు. ఒక కార్యాలయంలో ఒక అటెండరు అలాగే సెలవు అయిపోయి, మందులు మధ్యలో మానేసి డ్యూటీకి వచ్చి, ఏడాది తిరక్కుండా కాలం చేశాడు. అతని భార్యకు కుటుంబ పెన్షను కాగితాలు రాసింది నేనే. చట్టం ఇచ్చిన హక్కును సిగ్గు అడ్డుకుంది.

అందుకే ఈ పాతకథ ఇప్పుడు చెబుతున్నాను. ఈనాటికీ ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. వయసు మళ్ళినవారికీ, మనలో చాలామందికి ఉన్న షుగరు జబ్బు వారికీ ఇది సోకే అవకాశం మరింత ఎక్కువ. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే "వయసు వల్లే" అని సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ళ పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స చాలు. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. గుణం కనిపించగానే మందు మానేయడం మాత్రం ప్రాణానికే ప్రమాదం. జబ్బు మళ్ళీ తిరగబెడితే మామూలు మందులకు లొంగకపోవచ్చు.

ఇప్పుడు మదనపల్లి దాకా పోనక్కరలేదు, రేణిగుంటలో రైలు మారనక్కరలేదు. మన మండలంలోనే పని జరుగుతుంది. మన ఇళ్ళల్లో ఎవరికైనా ఆ జబ్బు వస్తే పేరు దాచకుండా చెప్పి, పూర్తి కాలం మందు మింగించండి. నయమై వచ్చిన మనిషికి కంచం వేరుగా పెట్టకండి.